నాన్నకు ఇమ్యూనిటీ పెంచాలా, తగ్గించాలా?

విశాఖపట్నం నుంచి ఒక అమ్మాయి చాలా పెద్ద ఉత్తరం రాశారు. వివరాలు బయటపెట్టొద్దన్నారు కాబట్టి అవసరమైనంతే ఇక్కడ చెప్తున్నాను.

ఆమెకు 34 ఏళ్లు. మధురవాడలో కాపురం, ప్రైవేటు ఉద్యోగం, ఆరేళ్ల బాబు. అమ్మానాన్నలు గాజువాకలో ఉంటారు. నాన్నకు 59 ఏళ్లు. స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేస్తూ ఏళ్ల తరబడి షిఫ్టులు తిరిగిన మనిషి. మూడేళ్ల కిందట కాళ్లవాపులని చూపిస్తే హెపటైటిస్ బి ఉందనీ, దానివల్ల లివర్ గట్టిపడి సిర్రోసిస్ అయిందనీ తేలింది. ఆయన జీవితంలో మందు చుక్క ముట్టలేదు. అయినా ‘తాగకుండానే లివర్ పాడైపోతుందా’ అని చుట్టాలు అన్న మాటకు సగం కుంగిపోయారు. అప్పట్నుంచి రోజూ టెనోఫోవిర్ మాత్ర, ఆర్నెల్లకోసారి స్కానింగ్.

ఈసారి స్కానింగ్‌లో లివర్ కుడివైపున 1.8 సెంటీమీటర్ల గడ్డ కనబడింది. రక్తంలో ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ అనుమానంతో చూసే ప్రొటీన్) 46 వచ్చింది. మూడు దశల సీటీ తీయించమని డాక్టరు రాశారు. అదే వారం పుట్టింట్లో బీరువా సర్దుతుంటే ఈ అమ్మాయికి సీలు కూడా తీయని టెనోఫోవిర్ డబ్బాలు దొరికాయి. గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. మేనమామ మాట మీద నాన్న నాలుగు నెలల కిందటే మాత్రలు మానేశారు. ఫ్రిజ్ తలుపులో రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, అందులో ఆకుపచ్చటి పసరు. పొద్దున్నే పరగడుపున ఒక గ్లాసు. సాయంత్రం తిప్పతీగ కషాయం.

ఇప్పుడు ఇంట్లో తలో మాట. ఒంట్లో ఇమ్యూనిటీ పడిపోబట్టే గడ్డ వచ్చిందనీ, దాన్ని పెంచితే అదే కరిగిపోతుందనీ, సీటీలంటూ తిప్పితే గడ్డ రేగుతుందనీ మావయ్య అంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు ఫోన్లో ఏవేవో చదివి, ఇమ్యూనిటీయే నాన్న లివర్‌ని తినేస్తోంది, దాన్ని అణచాలి అని ఒకరోజు, ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు వేయించాలి అని ఇంకోరోజు చెప్తున్నాడు. అమ్మ చేపలు, గుడ్లు, పప్పు మాన్పించి మజ్జిగన్నం పెడుతోంది. నాన్న కంచం, గ్లాసు వేరు చేసింది. మనవణ్ణి ఆయన పక్కన కూర్చోనివ్వట్లేదు. గడ్డ సంగతి నాన్నకు ఎవరూ చెప్పలేదు. ‘ఎవరి మాట వినాలో, ఎక్కడ చూపించాలో తెలియట్లేదు. రాత్రిళ్లు నిద్ర లేదు. అసలు ఇమ్యూనిటీ పెంచాలా, తగ్గించాలా?’ అని అడుగుతున్నారు.

జవాబు:

అమ్మా, గడ్డ సంగతి కాసేపు ఆగి మాట్లాడుకుందాం. ముందు ఆ బీరువాలోని డబ్బాల సంగతి. ఇది చదవగానే నాన్నగారిని చూస్తున్న డాక్టరుకు ఫోన్ చేసి, నాలుగు నెలలుగా టెనోఫోవిర్ వేసుకోవట్లేదని, పసరు తాగుతున్నారని దాచకుండా చెప్పండి. తిడతారేమోనని వెనకాడకండి. ఆ సంగతి తెలియకపోతే ఆయన రిపోర్టులను ఎవరైనా తప్పుగా చదివే ప్రమాదం ఉంది. మాత్రలు ఎలా మొదలుపెట్టాలో డాక్టరు చెప్తారు. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు మామూలుగా ఆలస్యం చేయరు. వైరస్ ఎంత ఉందో చూసే డీఎన్ఏ పరీక్ష, లివర్, కిడ్నీల పనితీరు చెప్పే బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, ఆల్బుమిన్, ఐఎన్ఆర్, క్రియాటినిన్ కూడా రాస్తారు. ఈలోగా కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, జ్వరం వచ్చినా, మాట తడబడినా, పగలంతా మత్తుగా పడుకున్నా, రక్తం కక్కినా, విరేచనం నల్లగా తారులా వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. అదే పూట ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇంత తొందర ఎందుకంటే, మీరడిగిన ఇమ్యూనిటీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. హెపటైటిస్ బి వైరస్ లివర్ కణంలో దూరి తన నకళ్లు తయారుచేసుకుంటుంది గానీ, ఆ కణాన్ని తానుగా పెద్దగా చంపదు. చంపేది మన రోగనిరోధక వ్యవస్థే. వైరస్ ఉన్న కణాన్ని ఆ వ్యవస్థలోని టి కణాలు గుర్తుపట్టి నాశనం చేస్తాయి. పెద్దయ్యాక వైరస్ సోకినవాళ్లలో ఈ దాడి ఉద్ధృతంగా జరిగి, చాలామందికి కొన్ని నెలల్లో వైరస్ పూర్తిగా పోతుంది. నూటికి ఐదుగురిలోపే దీర్ఘకాలం మిగిలిపోతుంది. అదే పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే లెక్క తిరగబడుతుంది. అప్పటికి పిల్లల రోగనిరోధక వ్యవస్థకు ఇంకా పట్టు చిక్కదు కాబట్టి పదిమందిలో తొమ్మిదిమందికి వైరస్ ఉండిపోతుంది. ఏళ్ల తరబడి ఒళ్లు దాన్ని పట్టించుకోదు. ఏ ముప్పై ఏళ్లకో, నలభై ఏళ్లకో మేలుకొని దాడి మొదలుపెడుతుంది. అప్పటికి వైరస్ లివర్ అంతా పాకిపోయి ఉంటుంది. పూర్తిగా తుడిచిపెట్టడం ఆ కణాల వల్ల కాదు, పోరాటం మానడమూ కాదు.

మన దేశంలో హెపటైటిస్ బి ఉన్న చాలామందికి అది పుట్టుకతోనో చిన్నతనంలోనో వచ్చినదే. మీ నాన్నగారిదీ అలాంటిదే అయ్యుండవచ్చు. ఆయన చేసిన తప్పేమీ లేదు. చుట్టాల్లో ఎవరైనా మళ్లీ తాగుడు మాట ఎత్తితే మీరు ఊరుకోకండి. ఆయన ఎదుటే, ఆయన వినేలా, ఇది వైరస్ వల్ల వచ్చిందని చెప్పండి. మూడేళ్లుగా మోస్తున్న అవమానం అది. మాత్రలు మానేయడం వెనక దాని పాత్ర కూడా ఉండొచ్చని నాకనిపిస్తోంది. రోజూ ఆ డబ్బా తెరవడమంటే రోజూ ఆ మాట గుర్తుచేసుకోవడమే కదా.

టెనోఫోవిర్ వైరస్‌ను అణిచి ఉంచుతుంది. వైరస్ తగ్గితే దాడీ చల్లబడుతుంది, లివర్‌కు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో మొదట సిర్రోసిస్ ఉండి, ఐదేళ్లు టెనోఫోవిర్ వాడాక మళ్లీ లివర్ ముక్క తీసి చూసిన 96 మందిలో 71 మందికి సిర్రోసిస్ లక్షణాలు పోయాయి. అంటే మచ్చ కూడా కొంతమేర వెనక్కి తగ్గగలదు. మందు హఠాత్తుగా ఆపేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది. పెరిగిన వైరస్‌ను చూసి రోగనిరోధక వ్యవస్థ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మామూలు లివర్ ఆ దెబ్బ తట్టుకోవచ్చు. సిర్రోసిస్ లివర్‌కు తట్టుకునే నిల్వ ఉండదు. నా తొందర అందుకే.

ఇప్పుడు మావయ్య, తమ్ముడు చెప్పేవి. ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. ఆ సగం పట్టుకుని ఇద్దరూ తప్పు మందు దగ్గరికి వెళ్తున్నారు.

తమ్ముడు చెప్పే సగం చూద్దాం. ఏళ్ల తరబడి కణాలు చావడం, వాటి స్థానంలో కొత్తవి పుట్టడం జరుగుతూనే ఉంటుంది. చచ్చిన చోటల్లా స్టెల్లేట్ కణాలు అనేవి మేలుకొని కొల్లాజెన్ పోగులు పేర్చుతాయి. గాయం మానడానికి ఒళ్లు చేసే ప్రయత్నమే అది, కానీ ఆగకుండా సాగేసరికి లివర్ అంతా మచ్చలు, మచ్చల మధ్య బుడిపెలు కడుతుంది. వాపు ఉన్న చోట పుట్టే రసాయనాలు కణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. కణం ఎన్నిసార్లు విడిపోతే అన్నిసార్లు అందులో పొరపాటు జరిగే అవకాశం. దీనికితోడు బి వైరస్ తన డీఎన్ఏను మన కణం డీఎన్ఏలో అతికిస్తుంది. అందుకే ఈ వైరస్ ఉన్నవాళ్లలో కొందరికి సిర్రోసిస్ లేకుండానే క్యాన్సర్ వస్తుంది. పైగా లివర్‌కు వచ్చే రక్తంలో దాదాపు ముప్పావు వంతు పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వచ్చేదే. సిర్రోసిస్‌లో పేగు గోడ పట్టు సడలి బ్యాక్టీరియా తునకలు ఆ రక్తంలో కలుస్తాయి. లివర్‌లో కాపలా ఉండే కుప్ఫర్ కణాలు వాటిని చూసి వాపు పుట్టించే సంకేతాలు పంపుతూనే ఉంటాయి. ఇంతవరకు తమ్ముడు చెప్పింది నిజమే.

మావయ్య చెప్పే సగం దీని కొనసాగింపు. నాన్నగారికి బాగా తెలిసిన మాటలో చెప్తాను. సి షిఫ్ట్ అయిపోయినా రిలీవర్ రాక, మళ్లీ ఎ షిఫ్ట్, మళ్లీ బి షిఫ్ట్ అదే మనిషి చేయాల్సి వస్తే ఏమవుతుంది? మనిషి మెషీన్ దగ్గరే ఉంటాడు, కళ్లు తెరిచే ఉంటాయి, కానీ ఏది తేడాగా తిరుగుతోందో కనిపెట్టలేడు. లివర్‌లోని టి కణాల పరిస్థితి అదే. ఏళ్ల తరబడి వైరస్‌తో తలపడి అవి అలసిపోతాయి. వాటి ఒంటి మీద పీడీ-1 అనే ప్రొటీన్ పేరుకుంటుంది. దాని పని ఆ కణాన్ని ఆపడమే. మచ్చ కట్టించే టీజీఎఫ్-బీటా అనే రసాయనమే చుట్టూ ఉన్న టి కణాలను మందగింపజేస్తుంది కూడా. పాడైన కణాలను ఏరిపారేయాల్సిన ఎన్‌కే కణాలూ నీరసపడతాయి. అప్పుడు దారితప్పిన ఒక్క కణం వాటి కన్నుగప్పి పెరిగి గడ్డవుతుంది. సిర్రోసిస్ ఉన్నవాళ్లలో, కారణాన్ని బట్టి, ఏడాదికి నూటికి ఒకరి నుంచి ఎనిమిదిమంది దాకా లివర్ క్యాన్సర్ వచ్చే అవకాశం ఉండడానికి ఈ రెండూ కలిసే కారణం.

కాబట్టి మీ నాన్నగారి లివర్‌లో ఒకే సమయంలో ఒకవైపు అనవసరమైన దాడి, ఇంకోవైపు అవసరమైన కాపలా లోపించడం నడుస్తున్నాయి. మొత్తంగా పెంచే పొడీ లేదు, మొత్తంగా తగ్గించే మాత్రా ఈ దశలో అక్కర్లేదు. చేయగలిగినవి రెండు. ఆ దాడికి కారణమైన వైరస్‌ను టెనోఫోవిర్‌తో అణిచి ఉంచడం ఒకటి. ఆ అలసిన కణాలు కనిపెట్టలేని దాన్ని స్కానింగ్‌తో మనమే ముందుగా కనిపెట్టడం రెండోది. ఆర్నెల్లకోసారి స్కానింగ్ పెట్టింది ఇందుకే. ఆయన మందు మానినా స్కానింగ్ మానలేదు చూడండి, అది మీ ఇంటికి పెద్ద మేలు చేసింది. 1.8 సెంటీమీటర్ల దగ్గర దొరికిందంటే చేతిలో ఇంకా చాలా దారులున్నాయి.

పసరు సంగతి. మావయ్యను తీసిపారేయకండి. ఆయన చూసినవి ఆయన చూశారు. కామెర్లు వచ్చిన కుర్రాడు పసరు తాగాక పదిహేను రోజులకు లేచి తిరగడం మన ఊళ్లలో ఎవరు చూడలేదు? అవి చాలావరకు హెపటైటిస్ ఎ, ఇ రకాలు. నీళ్ల ద్వారా వచ్చి, ఎక్కువమందికి ఏ మందూ లేకుండానే వారాల్లో తగ్గిపోతాయి. మీ నాన్నగారిది ఆ రకం కాదు. ఇలాంటి పసర్లలో వాడే నేల ఉసిరిని మన డాక్టర్లు పట్టించుకోలేదనడం కూడా నిజం కాదు. 1988లో మద్రాసు పరిశోధకులు నేల ఉసిరితో బి వైరస్ పోతోందని లాన్సెట్ పత్రికలో రాస్తే ప్రపంచమంతా ఆసక్తిగా చూసింది. తర్వాత వేరే చోట్ల జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. తిప్పతీగ విషయంలో నాకు ఇంకా ఎక్కువ భయం. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ కోసం దాన్ని తాగినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను మన దేశంలోని లివర్ డాక్టర్లే నమోదు చేశారు. వాటిలో చాలావరకు సొంత రోగనిరోధక వ్యవస్థే లివర్ మీద పడ్డ లక్షణాలతో ఉన్నాయి. ఇప్పటికే దాడిలో ఉన్న లివర్‌కు అది అసలే వద్దు. ఆ సీసాలో ఏ ఆకులున్నాయో, ఎంత ఉన్నాయో ఇచ్చిన మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. సీసాను పారబోయకుండా డాక్టరుకు చూపించి, తాగడం మాత్రం వెంటనే ఆపించండి.

మావయ్యతో ఎలా? ఆయన్ను దోషిగా నిలబెట్టి ‘నీవల్లే’ అనొచ్చు. కోపం చల్లారుతుంది, కానీ నాన్నగారు ఆయన మాట వింటారు కాబట్టి పసరు దొంగచాటుగా సాగే అవకాశముంది. లేదా ఆయన్నే డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకెళ్లొచ్చు. ఆయనకున్న అనుమానాలు ఆయన నోటితోనే అడగనివ్వండి. కాస్త ఇబ్బందికరమే. డాక్టరు విసుక్కుంటే వ్యవహారం చెడొచ్చు కూడా, కాబట్టి ముందే ఫోన్లో చెప్పి ఉంచండి. నేనైతే ఈ రెండోదానికే మొగ్గుతాను. పసరు తెచ్చిపెట్టిన శ్రద్ధతోనే ఆయన మాత్రలు వేయించే బాధ్యత తీసుకుంటే మీకు కొండంత అండ.

ఇక గడ్డ. ఒక సెంటీమీటరు లోపు ఉంటే మూడు నెలలు ఆగి మళ్లీ స్కాన్ చేయమనేవారు. దాటితే ఆగరు, సీటీ గానీ ఎంఆర్ఐ గానీ చేయిస్తారు. సీటీతో గడ్డ రేగదు. ఆ పరీక్ష ఎలా పనిచేస్తుందో తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. ఇందాక చెప్పాను, లివర్ ఎక్కువగా పోర్టల్ సిర రక్తం మీద బతుకుతుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం ధమని నుంచి రక్తం లాక్కుంటుంది. నరంలోకి మందు ఎక్కించి వెంటవెంటనే బొమ్మలు తీస్తే, మొదటి దశలో గడ్డ తెల్లగా మెరిసి, తర్వాతి దశల్లో చుట్టూ ఉన్న లివర్ కంటే నల్లబడుతుంది. సిర్రోసిస్ ఉన్నవాళ్లలో ఈ తీరు స్పష్టంగా కనిపిస్తే ముక్క తీసి పరీక్షించాల్సిన పని కూడా ఎక్కువసార్లు ఉండదు. ఎక్కించే మందు కిడ్నీల మీద పడుతుంది కాబట్టి క్రియాటినిన్ ముందే చూస్తారు. ఎంఆర్ఐ చిన్న గడ్డలను ఇంకాస్త బాగా పట్టుకుంటుంది, ఖర్చూ ఎక్కువే.

మావయ్య మాట విని సీటీ తీయించకుండా మూడు నెలలు ఆగితే? కొన్ని గడ్డలు మూడు నెలల్లో పెద్దగా మారవు. కొన్ని రెట్టింపవుతాయి. మీ నాన్నగారిది ఏ రకమో ముందుగా చెప్పే సాధనం లేదు. 46 అంకె చూసి మీరు పడుతున్న టెన్షన్ మాత్రం కొంత తగ్గించుకోండి. మందు మానడంతో లివర్‌లో వాపు రేగి ఉంటే దానికే ఏఎఫ్‌పీ కొంత పెరగొచ్చు. డాక్టరుకు మందు సంగతి తెలియాలన్నది ఇందుకు కూడా.

సీటీలో అది మామూలు గడ్డని తేలితే మాత్రలు, స్కానింగులతోనే సాగుతారు. ఎటూ తేలకపోతే ఎంఆర్ఐ, లేదా కొద్ది నెలల్లో మళ్లీ సీటీ, లేదా ముక్క పరీక్ష. క్యాన్సరే అయితే, ఒక్కటే ఉండి రెండు సెంటీమీటర్ల లోపయితే, లివర్ ఇంకా బాగా పనిచేస్తుంటే, అది అతి తొలి దశ. సూది గుచ్చి వేడితో గడ్డను కాల్చేసే అబ్లేషన్, కోసి తీసేయడం, లివర్ మార్పిడి, మూడూ పరిశీలనలో ఉంటాయి. ఈ దశలో చికిత్స అందినవాళ్లలో ఎక్కువమంది ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. అబ్లేషన్ అయితే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి రావచ్చు. కానీ గడ్డ పోయినా దాన్ని పుట్టించిన సిర్రోసిస్ లివర్ అలాగే ఉంటుంది కనుక, కోసినా కాల్చినా ఐదేళ్లలో నూటికి 70 మంది దాకా మళ్లీ ఎక్కడో ఒకచోట గడ్డ వస్తుంది. చికిత్స తర్వాత కూడా స్కానింగులు మానకూడదు. మార్పిడి గడ్డనూ సిర్రోసిస్‌నూ రెండింటినీ తీసేస్తుంది. ఒకటే గడ్డ ఉండి ఐదు సెంటీమీటర్ల లోపు, లేదా మూడు గడ్డల దాకా ఉండి ఒక్కోటి మూడు సెంటీమీటర్ల లోపు ఉంటే మార్పిడికి పనికొస్తుందని 1996లో ఇటలీలోని మిలన్ నుంచి వచ్చిన కొలతనే ఇప్పటికీ చూస్తారు. దానికి ఖర్చు, దాత, జీవితాంతం రోగనిరోధక శక్తిని అణిచే మందులు, వాటితోపాటు బి వైరస్ మందు, అన్నీ ఉంటాయి. తమ్ముడు చెప్పిన ‘అణచడం’ నిజంగా అవసరమయ్యేది అక్కడ.

ఇమ్యునోథెరపీ నిజమైన మందే. ఇందాక చెప్పిన పీడీ-1ను కనిపెట్టి, దాన్ని అడ్డుకుంటే టి కణాలు మళ్లీ పనిలో దిగుతాయని చూపినందుకే తసుకు హోంజోకు, జేమ్స్ ఆలిసన్‌తో కలిపి 2018 నోబెల్ వచ్చింది. 2020 నుంచి అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ అనే రెండు మందులు కలిపి లివర్ క్యాన్సర్‌లో వాడుతున్నారు. కానీ అది ముఖ్యంగా కోయడానికీ కాల్చడానికీ వీలుకాని దశకు. ఆపరేషన్, అబ్లేషన్ తర్వాత ముందుజాగ్రత్తగా ఇచ్చి చూస్తే మొదట కనిపించిన లాభం తర్వాత నిలవలేదు. మేలుకొన్న టి కణాలు మంచి లివర్ మీద కూడా పడొచ్చు. మార్పిడి ఆలోచన ఉన్నవాళ్లకు కొత్త లివర్‌ను ఒళ్లు తిరస్కరించే ప్రమాదం ఉంది. తమ్ముడికి ఈ పేరా చదివి వినిపించండి. అక్కడి నుంచి ఏమీ చేయలేకపోతున్నానన్న బాధలోంచి వచ్చిన హడావిడి అది. అతనికి ఒక పని అప్పజెప్పండి. సీటీ బొమ్మలున్న సీడీ తీసుకుని హైదరాబాద్‌లో ఒక లివర్ స్పెషలిస్టుతో రెండో అభిప్రాయం తీసుకోమనండి. కాగితం మీది రిపోర్టు ఒక్కటే సరిపోదు, బొమ్మలు కావాలి.

ఎక్కడ చూపించాలన్నారు. నాన్నగారిని ఇప్పుడే రాత్రి రైలెక్కించి హైదరాబాద్ తిప్పాల్సిన అవసరం నాకు కనబడట్లేదు. పరీక్షలు, అబ్లేషన్ దాకా విశాఖలోనే దారులున్నాయి. ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఉంది. మీ గాజువాకకు దగ్గర్లో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ప్రైవేటు ఆసుపత్రులున్నాయి. ఎక్కడికెళ్లినా ఒకటి అడగండి: లివర్ డాక్టరు, సర్జన్, రేడియాలజిస్టు కలిసి కూర్చుని కేసు చూస్తారా అని. మార్పిడి మాట వస్తే అప్పుడు హైదరాబాద్, చెన్నైలను కూడా ఆలోచించవచ్చు, చనిపోయినవాళ్ల అవయవాలు కేటాయించే ప్రభుత్వ కార్యక్రమం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించవచ్చు. డబ్బు విషయంలో, సీటీకి ముందే ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటర్‌లో అడగండి. 2018 నుంచి నడుస్తున్న జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ బి మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు.

నాన్నగారికి చెప్పాలా? ‘తట్టుకోలేరు’ అని దాచితే ఇంకొన్నాళ్లు ఆయన ప్రశాంతంగా ఉండొచ్చు. కానీ మాత్రలు ఎందుకు ముఖ్యమో తెలియని మనిషి వాటిని మళ్లీ బీరువాలో పెట్టేస్తారు. సీటీ గదిలో ఎవరో చెప్పగా తెలిస్తే మీ మీద నమ్మకం పోతుంది. అంతా ఒకేసారి చెప్పడం ఇంకో దారి, భారంగా ఉంటుంది. మధ్యలో ఒకటుంది. ‘స్కానింగ్‌లో చిన్న గడ్డ కనబడింది, అదేంటో తేల్చుకోవడానికి సీటీ తీస్తారు’ అని ఇప్పుడు తెలిసినంతవరకు నిజం చెప్పడం. క్యాన్సర్ అని ఇంకా ఎవరికీ తెలియదు కాబట్టి అది దాచడం కిందికి రాదు. ఆయన అడిగినదానికి మాత్రం అబద్ధం చెప్పకండి. ఎవరు చెప్పాలన్నది మీరే చూసుకోండి. చాలా ఇళ్లల్లో కూతురు చెప్తే నాన్న వింటారు.

అమ్మగారు ప్రేమతోనే చేస్తున్నారు గానీ, పత్యం, కంచం రెండూ తప్పే. సిర్రోసిస్‌లో కండ కరిగిపోతుంది, ఇన్ఫెక్షన్లను తట్టుకునే శక్తి పోతుంది. చేప, గుడ్డు, పప్పు, పెరుగు పెట్టండి. రాత్రి పడుకోబోయే ముందు కూడా ఏదైనా తినాలి. తగ్గించాల్సింది ఉప్పు, ముఖ్యంగా వాపులు, పొట్టలో నీరు ఉన్నప్పుడు. ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాలు అందుకే పక్కన పెట్టాలి. హార్బర్ నుంచి తెచ్చిన చేపలు, రొయ్యలు, పీతలు బాగా ఉడికించాకే పెట్టండి. కాలికి పుండో గాయమో ఉన్నప్పుడు ఆయన సముద్రపు నీళ్లలో దిగకూడదు. ఆ నీళ్లలో ఉండే విబ్రియో అనే బ్యాక్టీరియా మామూలు మనిషికి అంతగా ప్రమాదం కాదు, సిర్రోసిస్ ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి షాపులో కొని వేసుకోవద్దు, ఏం వేసుకోవచ్చో డాక్టరునే అడగండి. మార్పిడి అవసరం పడకపోయినా ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి, అన్నవాహికలో ఉబ్బిన నరాల కోసం ఎండోస్కోపీ గురించి కూడా అడగండి.

హెపటైటిస్ బి కంచం వల్ల, గ్లాసు వల్ల, కలిసి కూర్చుంటే, ముద్దు పెట్టుకుంటే రాదు. రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. వేరుగా ఉంచాల్సినవి రేజరు, టూత్‌బ్రష్, గోళ్లు కత్తిరించేది. కంచాలు ఈ రాత్రే కలిపేయండి. మీ బాబు తాతయ్య పక్కన కూర్చుని తినొచ్చు. మన దేశంలో 2011కి ఈ టీకా పిల్లల జాతీయ టీకాల్లో అన్ని రాష్ట్రాలకూ చేరింది, కాబట్టి బాబుకు వేసే ఉంటారు. టీకా కార్డు తీసి చూడండి. ఈ టీకా మనకు చవగ్గా దొరకడానికి 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దాన్ని ఇక్కడే తయారుచేయడం పెద్ద కారణం.

అమ్మగారు, మీరు, తమ్ముడు ముగ్గురూ ఈ వారంలోనే హెచ్‌బీఎస్ఏజీ (వైరస్ ఇప్పుడు ఉందో లేదో), యాంటీ-హెచ్‌బీసీ (ఎప్పుడైనా సోకిందో లేదో), యాంటీ-హెచ్‌బీఎస్ (రక్షణ ఉందో లేదో) పరీక్షలు చేయించుకోండి. ఏదీ లేకపోతే మూడు డోసుల టీకా: ఇప్పుడు, నెలకు, ఆర్నెల్లకు. ఎవరికైనా వైరస్ ఉంటే నాన్నగారికి ఉన్న దశకు రాకముందే పట్టుకున్నట్టవుతుంది. రేపు లివర్ దానం మాట వచ్చినా ఈ రిపోర్టులే ముందుగా అడుగుతారు. ఆ మాట వచ్చేదాకా ఎవరు ఇవ్వాలన్న చర్చ ఇంట్లో పెట్టకండి.

సీటీ రిపోర్టు వచ్చాక గడ్డ సైజు, ఎన్ని ఉన్నాయి, బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్, వైరస్ డీఎన్ఏ అంకెలు రాసి నాకు మళ్లీ ఉత్తరం పంపండి. నాన్నగారు మాత్రలు మొదలుపెట్టారో లేదో కూడా రాయండి.